నాన్నకు ఆగకుండా విరాళాల ఫోన్లు: ఉద్యమ సంస్థల ఒత్తిడిని ఎలా ఎదుర్కోవాలి?

కృష్ణాతీరం (గుంటూరు)

అందరికీ నమస్కారం. మా నాన్న విషయంలో సలహా కావాలి.

ఆయన లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యారు. అడవులు, చెరువులు, పిల్లల చదువు అంటే బాగా పట్టింపు ఉన్న మనిషి. ఆమధ్య హైదరాబాదులో ఒక మెట్రో స్టేషను మెట్ల దగ్గర పర్యావరణ సంస్థ తరఫు కుర్రాడు ఆపి మాట్లాడితే, నెలకు వెయ్యి చొప్పున పెన్షను ఖాతాలోంచి వెళ్లేలా ఫారం నింపి వచ్చారు. ఆయన డబ్బు, ఆయన ఇష్టం. దానికి నాకేం అభ్యంతరం లేదు. ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది. "పదిహేను వందలు చేయండి సార్, పరిస్థితి చేయి దాటిపోతోంది" అని ఆ సంస్థ వాళ్లే మాటిమాటికీ ఫోను. వాళ్లతో ఏ సంబంధమూ లేని మరికొన్ని సంస్థలు కూడా ఆయన్ని పేరుపెట్టి పలకరిస్తున్నాయి. ఒకామె అయితే "మీరు ఇవాళ కాదంటే ఈ పాప ఆపరేషను ఆగిపోతుంది" అంది. ఆ రాత్రి ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

గట్టిగా కాదనడం ఆయనకు చేతకాదు. "అడిగేది మంచిపనికే కదమ్మా" అంటారు. ఆయన మనసు కష్టపెట్టకుండా దీన్ని ఆపే దారి ఏమైనా ఉందా?

పాత_క్యాషియర్ (రాజమహేంద్రవరం)

అమ్మా, ఫోన్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఖాతా చూడండి. ఎన్ని మాండేట్లు (ఖాతాలోంచి నెలనెలా డబ్బు తీసుకోమని మనమిచ్చే అనుమతులు) నడుస్తున్నాయో మీ నాన్నగారికే సరిగ్గా గుర్తుండకపోవచ్చు. పాస్‌బుక్కులో గానీ స్టేట్‌మెంటులో గానీ 'నాచ్' (NACH) లేదా 'ఏసీహెచ్' (ACH) అని ఉన్న డెబిట్లన్నీ, అంటే మాండేటు మీద పోయినవన్నీ, పెన్సిలుతో గుర్తు పెట్టండి. నెట్ బ్యాంకింగ్ ఉంటే చాలా బ్యాంకుల్లో మాండేట్ల పేజీ విడిగా ఉంటుంది. ప్రతి మాండేటుకూ యూఎంఆర్ఎన్ అని ఒక నెంబరు ఉంటుంది. అదే కీలకం.

ఆపాలనుకున్న దానికి బ్రాంచికి వెళ్లి, ఆ నెంబరు రాసి, "ఈ మాండేటు రద్దు చేయవలసింది" అని ఉత్తరం ఇచ్చి, రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. సంస్థ ఒప్పుకోవాలని, వాళ్ల దగ్గర్నుంచి కాగితం తేవాలని కౌంటర్లో ఎవరైనా అంటే వినకండి. ఖాతా మీ నాన్నగారిది, అనుమతి ఇచ్చిందీ ఆయనే, వెనక్కి తీసుకునేదీ ఆయనే. సంస్థకు ఒక మెయిలు పెడితే మర్యాద, అంతే. బ్యాంకు నెల రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. 14448కి ఫోను చేస్తే ఎలా రాయాలో చెప్తారు.

ఒక పని మాత్రం చేయనివ్వకండి. "ఖాతాలో డబ్బు లేకుండా చేస్తే అదే ఆగిపోతుంది" అని కొందరు సలహా ఇస్తారు. డెబిట్ వెనక్కి వెళ్లిన ప్రతిసారీ బ్యాంకు ఛార్జీ, దానిమీద జీఎస్టీ పడతాయి. విరాళం ఆగదు సరికదా జరిమానా కూడా తోడవుతుంది.

ఫోనులో యూపీఐ ఆటోపే పెట్టి ఉంటే బ్రాంచితో పనిలేదు. ఆ యాప్‌లోనే ఆటోపే విభాగంలోకి వెళ్లి పిన్ కొట్టి రద్దు చేయవచ్చు. కార్డు మీద అయితే 2021 అక్టోబరు నుంచి డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు సందేశం రావాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ సందేశాల్ని నాన్నగారు చదవకుండా చెరిపేస్తున్నారేమో చూడండి.

నల్లరేగడి (వరంగల్)

అక్కా, నాది స్టేషన్ రోడ్ దిక్కు చిన్న దుకాణం. మాకు ఫోన్లు కాదు, మనుషులే వస్తరు. ఈ సంఘం మహాసభలంటరు, ఆ సంఘం జాతా అంటరు, ఇంకొకలు ధర్నాకు బస్సులు పెట్టాలంటరు. ఒకలిద్దరు కాదు, పదిమంది కలిసి వచ్చి గల్లా ముంగట నిలబడుతరు. మనల్ని అడగకముందే రసీదు మీద అంకె వేసి, చింపి చేతిల పెడుతరు. గిరాకీ చూస్తుంటది, కాదంటే పరువు పోయినట్టు అయితది. దీన్ని విరాళం అంటరా చెప్పుర్రి?

వాళ్లు కొట్లాడే వాటిల్ల న్యాయం ఉన్నవి మస్తుగున్నయ్. హమాలీల కూలి రేటు కోసం వచ్చినోళ్లకు నేను సంతోషంగ ఇచ్చిన. కానీ రసీదు రాసుకొని వచ్చినోళ్లకు మాత్రం ఇయ్య.

మా లైన్‌ల దుకాణాలోళ్లం కూసొని మాట్లాడుకున్నం. ఎవరొచ్చినా "మా అసోసియేషన్‌కు దరఖాస్తు ఇయ్యుర్రి, నెలాఖరుకు అందరం కలిసి చూస్తం" అని ఒకే మాట చెప్తున్నం. నిజంగ అవసరం ఉన్నోళ్లు కాయితం రాసిస్తరు, లెక్క చూపిస్తరు. దబాయించేటోళ్లు మళ్ల రాలే. ఒంటరిగ ఉంటేనే గుంజుతరు అక్కా.

అమీర్‌పేట_గల్లీ (హైదరాబాదు)

మెట్రో మెట్ల దగ్గర టీషర్టు వేసుకుని నిలబడే ఉద్యోగం డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు చేశాను. అటువైపు నుంచి ఎలా ఉంటుందో చెప్తాను.

మాలో చాలామందిమి ఆ సంస్థ ఉద్యోగులం కాదు. మధ్యలో ఏజెన్సీ ఉంటుంది. టార్గెటు ఉంటుంది. పొద్దున్న ఒక మాల్, సాయంత్రం ఐటీ కంపెనీల ఫుడ్ కోర్టు. ఎండలో నిలబడి వందమందిని పలకరిస్తే ఆగేది ఐదారుగురు. నగదు ముట్టుకోకూడదు, నెలవారీ సైనప్ మాత్రమే లెక్కలోకి వస్తుంది. చేరిన మనిషి మొదటి నెలల్లోనే మానేస్తే ఆ సైనప్ మా టార్గెటు లెక్కలోంచి తీసేసేవాళ్లు. అందుకే "ఇవాళే చేయండి" అని అంత పట్టుబడతాం. ఇంటికెళ్లి ఆలోచిస్తానన్నవాళ్లు తిరిగి రారని శిక్షణలోనే నూరిపోస్తారు.

మాట్లాడే తీరు కూడా నేర్పిస్తారు. మొదటి ప్రశ్నలన్నీ 'అవును' తప్ప ఇంకో జవాబు రానివే. "పిల్లలు చదువుకోవాలి కదా సార్?" "మన పిల్లలకు మంచి నీళ్లు మిగలాలి కదా మేడమ్?" అని అడుగుతాం. ఆ తర్వాత ట్యాబ్ మీ చేతికి ఇస్తాం. చేతిలో ఉన్నదాన్ని వెనక్కి ఇచ్చేసి వెళ్లిపోవడం మనవాళ్లకు మొహమాటం. మొత్తం కూడా ఎక్కువ నుంచి మొదలుపెడతాం. రెండు వేలు విన్నాక వెయ్యి తక్కువగా కనిపిస్తుంది.

మీ నాన్నగారిలాంటి పెద్దవాళ్లు మాకు దేవుళ్లలా కనపడేవారు. ఆగుతారు, వింటారు, మంచినీళ్లు తాగావా బాబూ అని అడుగుతారు. వాళ్లనుంచి సంతకం తీసుకున్న రోజున సంతోషంగా ఉండేది కాదు.

ఆ నిలబడ్డ పిల్లల్ని దయచేసి తిట్టకండి. "నేను దారిలో ఎవరికీ ఇవ్వను, సంస్థ పేరు చెప్పు, ఇంటికెళ్లి వెబ్‌సైటు చూసుకుంటాను" అని నడక ఆపకుండా చెప్పండి. ఆగారంటే మాకు సగం పని అయిపోయినట్టే. కారణం చెప్పకూడదు. "ఈ నెల ఇబ్బందిగా ఉంది" అంటే "అయితే వచ్చే నెల నుంచి పెట్టేద్దాం సార్" అని జవాబు సిద్ధంగా ఉంటుంది. ప్రతి కారణానికీ ఒక జవాబు ఉంది. 'ఇవ్వను' అన్నదానికి మాత్రం లేదు.

సూటిమాట (విశాఖపట్నం)

ఇంత చర్చ ఎందుకండీ. ఈ సంస్థలన్నీ వ్యాపారాలే. విదేశాల నుంచి డబ్బు తెచ్చుకుంటారు, ఇక్కడ ఫ్యాక్టరీలు రాకుండా అడ్డుపడతారు, మళ్లీ మన పెన్షనర్ల దగ్గర కూడా వసూలు చేస్తారు. ఒక్కరికీ ఇవ్వకపోవడమే మందు.

చెరువుగట్టు (హైదరాబాదు)

సూటిమాట గారూ, మేం మా పేటలో చెరువు కబ్జాల మీద పనిచేసే చిన్న బృందం. మీ మాటకు జవాబు చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

విదేశీ డబ్బు అందుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషను ఉండాలి. ఇదివరకు పెద్ద సంస్థలు తెచ్చుకున్నదాంట్లో కొంత మాలాంటి చిన్నవాళ్లకు ఇచ్చేవి. 2020 సవరణతో అలా ఒకరి నుంచి ఒకరికి బదిలీ చేయడం పూర్తిగా నిషేధం. పాలనా ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ నిధులు బడులకు, ఆసుపత్రులకు, మొక్కలు నాటడానికి వస్తాయి. ఫ్యాక్టరీ వ్యర్థాల మీద కేసు వేసేవాళ్లకు ఏ కంపెనీ ఇస్తుంది? గ్రీన్‌పీస్ లాంటివి కంపెనీల దగ్గరా ప్రభుత్వాల దగ్గరా తీసుకోమని తమకు తామే నియమం పెట్టుకున్నాయి. ఇక మిగిలేది మామూలు మనుషులే. రోడ్డు మీద ఆ పిల్లలు అంతమంది ఎందుకు కనపడుతున్నారో ఇందులో ఉంది.

మాకు ఖర్చు ఎక్కడవుతుందో కూడా చెప్తాను. జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో మన రెండు రాష్ట్రాల కేసులూ చెన్నై బెంచికి వెళ్తాయి. నీటి నమూనా ల్యాబ్ పరీక్షకు డబ్బు, పాత మ్యాపులు, రెవెన్యూ రికార్డుల నకళ్లకు డబ్బు, లాయరు ఫీజు, చెన్నైకి రైలు టిక్కెట్లు. వాయిదా పడితే మళ్లీ టిక్కెట్లు. నెలకు రెండు వందలు తప్పకుండా వచ్చే పదిమంది ఉంటే, ఎప్పుడో ఒకసారి ఐదు వేలు ఇచ్చే మనిషి కన్నా మాకు ధైర్యం.

అయినా సరే, ఓ పెద్దాయన అన్నం తినలేనంతగా ఫోనులో బెదిరించి తెచ్చిన డబ్బు మాకొద్దు. అలా తెస్తే, రేపు నేను చెరువు గురించి మాట్లాడటానికి తలుపు తట్టినా ఆ ఇంట్లో తలుపు తీయరు. ఒక సంస్థ చేసిన ఒత్తిడికి మిగిలిన వాళ్లమంతా నష్టపోతున్నాం. కృష్ణాతీరం గారు రాసింది చదివాక నాకు అసలు కోపం అక్కడే వచ్చింది.

సూటిమాట (విశాఖపట్నం)

చెన్నై బెంచి సంగతి నాకు కొత్త. మీలాంటివాళ్లు వేరు, ఒప్పుకుంటాను. కానీ మామూలు మనిషికి ఎవరు మీలాంటివాళ్లో, ఎవరు కాదో ఎలా తెలుస్తుంది?

లెక్కల_పంతులు (విజయవాడ)

సీఏ ప్రాక్టీసు నాది. తెలుసుకునే మార్గాలున్నాయి. సంస్థను పాన్, 12ఏబీ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషను నెంబర్లు అడగండి. స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్లో పేరు ఉందో లేదో చూడండి. గత సంవత్సరపు ఆడిట్ లెక్కలు వెబ్‌సైటులో పెట్టారా, అందులో విరాళాల సేకరణకు ఎంత, పనికి ఎంత ఖర్చు చూపించారు అన్నది చదవండి. మొదటి ఏడాది విరాళంలో పెద్ద భాగం ఆ ఏజెన్సీ ఖర్చులకే పోవచ్చు. అందుకే నచ్చిన సంస్థ ఉంటే మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా వాళ్ల ఖాతాకే పంపండి.

పన్ను మినహాయింపు గురించి ఈ ఫోన్లలో చెప్పే మాటలు నాకు చాలా చిరాకు. "మొత్తం మీకు పన్నులో తిరిగొస్తుంది సార్" అంటారు. అబద్ధం. ఎక్కువ సంస్థల విషయంలో ఇచ్చినదాంట్లో 50 శాతం మాత్రమే, అదీ ఒక పరిమితికి లోబడి, ఆదాయంలోంచి తగ్గుతుంది. పన్నులోంచి కాదు. మీ నాన్నగారు ఏడాదికి 12,000 ఇస్తే ఆదాయంలో 6,000 తగ్గుతుంది. 20 శాతం శ్లాబులో ఉంటే మిగిలేది 1,200, సెస్సుతో ఇంకొంచెం. కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ మాత్రం కూడా లేదు, 80జీ అక్కడ వర్తించదు. 2023-24 నుంచి మనం వేరే కోరుకోకపోతే కొత్త విధానమే. చాలామంది పెన్షనర్లు తెలియకుండానే అందులో ఉన్నారు. నగదుగా 2,000 దాటి ఇస్తే ఏ విధానంలోనూ మినహాయింపు రాదు.

సంస్థ తన దాతల వివరాలు ఆదాయపన్ను శాఖకు 10బీడీ ఫారంలో దాఖలు చేసి, మీకు 10బీఈ ధ్రువపత్రం ఇవ్వాలి. అది అడిగితే నసిగే సంస్థకు ఇంకో రూపాయి ఇవ్వకండి.

థేమ్స్_ఒడ్డున (లండన్)

ఇక్కడ బ్రిటన్‌లో ఇదే విషయం మీద పెద్ద దుమారం రేగింది. బ్రిస్టల్‌లో ఆలివ్ కుక్ అని 92 ఏళ్ల పెద్దావిడ ఉండేవారు. యుద్ధాల్లో మరణించిన సైనికుల జ్ఞాపకార్థం కాగితం పాపీ పువ్వులు అమ్మి దశాబ్దాల పాటు నిధులు పోగుచేసిన మనిషి. 2015 మేలో ఆవిడ చనిపోయాక, విరాళాలు అడుగుతూ ఆవిడకు కుప్పలుగా ఉత్తరాలు వచ్చేవన్న సంగతి బయటికొచ్చింది. మరణానికి ఆ సంస్థలు కారణం కాదని కుటుంబమే చెప్పింది. కానీ ఆ ఒత్తిడి మాత్రం నిజం. విచారణలో చూస్తే ఆవిడ వివరాలు 99 సంస్థల దగ్గర ఉన్నాయి. చాలావాటికి ఆవిడ స్వయంగా ఇవ్వలేదు, చేతులు మారి చేరాయి.

ఆ గొడవ తర్వాత 2016లో ఫండ్‌రైజింగ్ రెగ్యులేటర్ అనే సంస్థ వచ్చింది. 2017 నుంచి "ఫలానా సంస్థ నన్ను ఇంక అడగకూడదు" అని నమోదు చేసుకునే సదుపాయం పెట్టారు. మన తరఫున పిల్లలు కూడా చేయవచ్చు. మనదేశంలో ఇందుకోసమే ఉన్న సంస్థ లేదు. కృష్ణాతీరం గారూ, మీ నాన్నగారి నెంబరు కూడా అలాగే చేతులు మారి ఉంటుంది. ఫోను చేసిన ప్రతివాళ్లనూ "మా నెంబరు ఎవరిచ్చారు?" అని అడిగించండి. ఆ ఒక్క ప్రశ్నకే చాలామంది పెట్టేస్తారు.

డాలస్_గోంగూర (టెక్సాస్)

అమెరికాలో ప్రచార ఫోన్లు వద్దని నమోదు చేసుకునే డు నాట్ కాల్ జాబితాలో చేరితే చాలనుకుంటాం కానీ విరాళాల సంస్థలకు, రాజకీయ పార్టీలకు అది వర్తించదు. డబ్బు తీసుకుని వాళ్ల తరఫున ఫోన్లు చేసే కంపెనీకి "ఇంక చేయకండి" అని మనం చెప్తే మాత్రం ఆ సంస్థ కోసం మళ్లీ చేయకూడదు. కాబట్టి నోరు విప్పి చెప్పడమే ఇక్కడ కూడా.

అమీర్‌పేట_గల్లీ (హైదరాబాదు)

ఇండియాలో 1909 ఉంది కదా. నాన్నగారి ఫోను నుంచి స్టార్ట్ 0 అని ఇంగ్లీషులో టైపు చేసి 1909కి మెసేజ్ పంపితే అన్ని రకాల ప్రచార కాల్స్‌కూ వద్దని నమోదవుతుంది. బ్యాంకులు, రియల్ ఎస్టేటు అని విడివిడిగా ఎంచుకోకండి, మొత్తం ఆపేది పెట్టండి. ఆ తర్వాత కూడా మామూలు పది అంకెల నెంబర్ల నుంచి వస్తే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి డీఎన్‌డీ యాప్‌లో ఫిర్యాదు చేయాలి. ట్రాయ్ నిబంధనల 2025 సవరణ తర్వాత కాల్ వచ్చిన ఏడు రోజుల్లోపు చేయవచ్చు.

ఆ పాప ఆపరేషను ఫోను మాత్రం నాకు అనుమానంగా ఉంది. నిజమైన కేసైతే ఆసుపత్రి పేరు, రోగి నమోదు నెంబరు ఉంటాయి. ఆసుపత్రి ల్యాండ్‌లైనుకు మనమే ఫోను చేసి అడగాలి, వాళ్లిచ్చిన నెంబరుకు కాదు. డబ్బు ఇచ్చాక మోసమని తేలితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నెంబరు 1930కి ఫోను చేయాలి.

నల్లరేగడి (వరంగల్)

వినాయక చవితి చందాలకు కూడా 1909 లాంటిది ఏమన్న ఉంటే చెప్పుర్రి. రోడ్డుకు తాడు కట్టి బండ్లు ఆపుతున్నరు మా దిక్కు.

వేదిక నిర్వాహకులు

పండగ చందాల మీద వేరే చర్చ నడుస్తోంది, దయచేసి అక్కడ రాయండి. తాడు కట్టి వాహనాలు ఆపితే అది చందా కాదు, 100కి ఫోను చేయవలసిన విషయం.

కృష్ణాతీరం (గుంటూరు)

అందరికీ కృతజ్ఞతలు. నాన్న పక్కన కూర్చుని మొత్తం చదివించుకున్నారు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"డబ్బు పోయిందన్న బాధ నాకు లేదు. నేనిచ్చిన దాంతో ఏ అడవిలో ఏం జరిగిందో ఒక్క ముక్క రాసి పంపలేదు. ఇంకా ఇమ్మని మాత్రం ఫోను చేస్తారు. నా విద్యార్థులు ఉద్యోగాలొచ్చాక ఒక కార్డు రాసేవారు, అంతకన్నా నేనేమీ ఆశించలేదు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశంలో తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని తీర్మానించారు. ఊళ్లలో ఆడవాళ్లు గాజులు తీసిచ్చారని మా ఇంట్లో పెద్దలు చెప్పేవారు. జనం దగ్గర అడగటం తప్పని నేను ఎప్పుడూ అనను. చెరువుగట్టు వారిని అడగండి, వాళ్లు దాతలకు లెక్క చెప్తారా?"

చెరువుగట్టు (హైదరాబాదు)

మాస్టారికి నమస్కారాలు. మూడు నెలలకోసారి ఒక పేజీ పంపుతాం. వచ్చిందెంత, ఖర్చయ్యిందెంత, కేసు ఏ దశలో ఉంది అని. ఓడిపోయిన వాయిదాలు కూడా రాస్తాం. ఈ మాట విరాళం కోసం రాయడం లేదు. మా ఖాతా నెంబరు ఇక్కడ పెట్టను, వేదిక నియమాలూ ఒప్పుకోవు, నాకూ ఇష్టం లేదు. మాస్టారు ఇప్పటికే ఇస్తున్న సంస్థ మంచిదని నమ్మితే, వాళ్లకే ఒక ఉత్తరం రాయమనండి. "ఇస్తున్నది కొనసాగిస్తాను. పెంచను. ఫోను చేయవద్దు. ఏడాదికోసారి పని నివేదిక పంపండి. నా వివరాలు ఇంకెవరికీ ఇవ్వవద్దు." ఈ ఐదు ముక్కలు చాలు. మెయిలు కాకుండా స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషను సదుపాయంతో పంపితే వాళ్ల ఆఫీసులో ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకోవాలి. దానికీ జవాబు రాకుండా మళ్లీ ఫోనే వస్తే అప్పుడు మాండేటు తీసేయమనండి.

కృష్ణాతీరం (గుంటూరు)

ఉత్తరం నాన్న తన దస్తూరీతోనే రాస్తానన్నారు. ఖాతాలో వెతికితే ఆ పర్యావరణ సంస్థది కాక ఇంకొక మాండేటు కూడా కనపడింది, నెలకు ఐదు వందలు. అది ఎవరికో ఆయనకు గుర్తు లేదు. బ్రాంచిలో రద్దుకు ఉత్తరం ఇచ్చి ముద్ర వేయించుకున్నాం. ఈ నెల డెబిట్ తేదీ ఎల్లుండే. ఆగుతుందా?

పాత_క్యాషియర్ (రాజమహేంద్రవరం)

ఎల్లుండిది పోవచ్చమ్మా. ఆ లోపు సిస్టంలో రద్దు పడకపోతే సంస్థ పంపిన డెబిట్ వచ్చేస్తుంది. రేపు పొద్దున్నే బ్రాంచికి ఫోను చేసి, ఈ నెల చెల్లింపును స్టాప్ చేయగలరేమో విడిగా అడగండి. కొన్ని బ్యాంకులు దానికి చిన్న ఛార్జీ తీసుకుంటాయి, ఎంతో ముందే కనుక్కోండి. వచ్చే నెల ఆ తేదీన ఖాతా మళ్లీ చూడండి. అప్పటికీ పోతే ముద్ర వేసిన కాపీ ఫొటో జతచేసి బ్యాంకుకు మెయిలు ఫిర్యాదు పెట్టండి. నెల రోజుల లెక్క ఆ మెయిలు తేదీ నుంచి మొదలవుతుంది.